గ్యాస్ కాప్సూల్‌లో రెండో మందు: మందులు గుండె లయను ఎలా చెడగొడతాయి
(బరంపురంలో తెలుగు మందుల షాపులవారికి, నర్సులకు, ఆశా దీదీలకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి వచ్చినవాళ్లున్నారు. సరిహద్దు అవతల ఇచ్ఛాపురం, కవిటి వైపు నుంచి కూడా వచ్చారు. మీలో ఎక్కువమంది మందుల షాపు కౌంటరు వెనక నిలబడేవాళ్లు. ఇవాళ్టి సంగతి డాక్టర్ల కన్నా ముందు మీకే చెప్పాలి. ఎందుకంటే నలుగురు డాక్టర్లు వేరువేరుగా రాసిన నాలుగు చీటీలు ఒకేచోట కలిసేది మీ కౌంటరు మీదే.

ముందుగా ఒక చీటీ చూద్దాం. ఇది వివరించడానికి అల్లుకున్నది, ఎవరి చీటీ కాదు. 62 ఏళ్ల ఆవిడ. బీపీకి క్లోర్‌థాలిడోన్ (మూత్రం ఎక్కువగా పోయించే 'నీళ్ల మాత్ర') 12.5 మిల్లీగ్రాములు కలిసిన మాత్ర ఏడాదిగా వాడుతోంది. గ్యాస్‌కని రోజూ పరగడుపున పాంటాప్రజోల్ కాప్సూల్ వేసుకుంటుంది. నడుం దగ్గర తామర వస్తే చర్మం డాక్టరు ఇట్రాకొనజోల్ రాశారు, రెండో వారం నడుస్తోంది. ఇప్పుడు రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు, జ్వరం. కొత్త చీటీలో యాంటీబయాటిక్ అజిత్రోమైసిన్ 500, వాంతి మందు ఆన్‌డాన్‌సెట్రాన్ 4 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు. ఇందులో ఏ ఒక్కటీ తప్పు మందు కాదు. ఏ డాక్టరూ తప్పు రాయలేదు. అయినా ఈవిడ ఆ రాత్రి మంచం మీద కూర్చున్నచోటే ఒరిగిపోవచ్చు.

ఎందుకో తెలియాలంటే గుండె కణం ఎలా పనిచేస్తుందో కొంచెం చూడాలి. వరి మడిని గుర్తు తెచ్చుకోండి. నీరు పెట్టడానికి ఒక దారి, నీరు తీయడానికి ఇంకో దారి, అంటే మడవ. గుండె కణంలో సోడియం, కాల్షియం లోపలికి వస్తే గుండె బిగుస్తుంది. పొటాషియం బయటికి పోతే కణం మళ్లీ మొదటి స్థితికి వచ్చి తరువాతి దెబ్బకు సిద్ధమవుతుంది. పొటాషియం పోయే మడవల్లో ముఖ్యమైనదాన్ని హెర్గ్ అంటారు. దీని లోపలి గది వెడల్పు. అందుకే ఒకదానితో ఒకటి పోలిక లేని మందులు, వాంతి మాత్ర, యాంటీబయాటిక్, మలేరియా మాత్ర, మానసిక వ్యాధి మాత్ర, అన్నీ దూరి అక్కడే చిక్కుకుంటాయి. మడవకు చెత్త అడ్డం పడ్డట్టే. నీరు తీయడం ఆలస్యమవుతుంది. ఈసీజీలో ఆ ఆలస్యాన్నే క్యూటీ పొడవు పెరగడం అంటాం.

ఆలస్యం ఒక్కటే అయితే పెద్ద భయం లేదు. కణం అలా సగం తడిగా నిలిచి ఉన్న సమయంలో మూసుకున్న కాల్షియం దారులు మళ్లీ తెరుచుకుంటాయి. అప్పుడు వేళ కాని వేళ ఒక దెబ్బ పుడుతుంది. అది ముందు దెబ్బ తాలూకు టీ తరంగం (కణాలు మొదటి స్థితికి వచ్చేటప్పుడు ఈసీజీలో కనిపించే అల) మీద పడితే లయ చెదిరి గుండె కింది గదులు నిమిషానికి 160 నుంచి 250 సార్లు అదురుతాయి. రక్తం మెదడుకు చేరదు. ఈసీజీ కాగితం మీద మొనలు ఒకసారి పైకి, ఒకసారి కిందికి, తాడుకు పురి పెట్టినట్టు మెలితిరుగుతూ కనిపిస్తాయి. 1966లో ఫ్రాన్సులో డెసెర్టెన్ అనే వైద్యుడు దీనికి టోర్సాడ్ డి పాయింట్స్ అని పేరు పెట్టాడు. మొనలు మెలితిరగడం అనే అర్థం. చాలాసార్లు కొన్ని సెకన్లలో అదే ఆగిపోతుంది, మనిషి లేచి కూర్చుంటాడు. ఆగకపోతే గుండె వట్టి వణుకులోకి జారి ప్రాణం పోతుంది.

ఇక్కడ పొటాషియం సంగతి చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది. రక్తంలో పొటాషియం తగ్గితే కణంలోంచి ఇంకా త్వరగా బయటికి రావాలి కదా అని అడుగుతారు. హెర్గ్ తీరు వేరు. బయట పొటాషియం తక్కువైతే ఈ దారి సరిగా తెరుచుకోదు, పైగా మందు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే వాంతులు, విరేచనాలు, నీళ్ల మాత్ర ఉన్న రోజున అదే మాత్ర, అదే మోతాదు వేరే మందులా ప్రవర్తిస్తుంది.

ఇప్పుడు చీటీకి తిరిగి వద్దాం. ఆవిడ గ్యాస్ కాప్సూల్ స్ట్రిప్ తిప్పి చూడండి. పేరు చివర 'డీ' అనో 'డీఎస్ఆర్' అనో ఉంటుంది. ఆ 'డీ' అంటే డొంపెరిడోన్. 'డీఎస్ఆర్' కాప్సూల్‌లో సాధారణంగా 30 మిల్లీగ్రాములు మెల్లగా కరిగేలా నింపి ఉంటుంది. ఆవిడకు తాను గ్యాస్ మాత్ర వేసుకుంటున్నానని తెలుసు, వాంతి మందు కూడా వేసుకుంటున్నానని తెలియదు. ఐరోపా మందుల సంస్థ 2014లో డొంపెరిడోన్‌ను పెద్దవాళ్లకు 10 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లకు మించకుండా, మామూలుగా వారం దాటకుండా వాడాలని కట్టడి చేసింది. మన దగ్గర అదే మందు ఏడాది పొడవునా పరగడుపున టీ నీళ్లతో పోతోంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. అజీర్తికి పాంటాప్రజోల్ ఒక్కటే సరిపోయేవాళ్లకు 'డీ' లేని స్ట్రిప్ ఇవ్వమని డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. అడగడం మీ హద్దు దాటడం కాదు. పాంటాప్రజోల్ కూడా నెలల తరబడి వాడితే కొందరిలో మెగ్నీషియం తగ్గిస్తుంది, అదీ గుర్తుంచుకోవాలి.

తామర మాత్ర విషయం ఇంకోటి. డొంపెరిడోన్‌ను కాలేయంలో విరిచి బయటికి పంపే ఎంజైమ్ ఒకటుంది, సీవైపీ3ఏ4 అంటారు. ఇట్రాకొనజోల్ దాన్ని కట్టేస్తుంది. దాని తోబుట్టువు కీటోకొనజోల్‌తో కలిపితే రక్తంలో డొంపెరిడోన్ సుమారు మూడింతలైంది. అంటే ఆవిడ మింగేది ఒక కాప్సూలే, ఒంట్లో ఉండేది మూడు కాప్సూళ్ల బరువు. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా ఆ ఎంజైమ్‌ను కట్టేస్తాయి. ఫ్లూకొనజోల్‌ది కొంచెం మెత్తని పట్టు, అయినా పట్టే. ఈ మూడూ క్యూటీని సొంతంగా కూడా పొడిగిస్తాయి. మన తీరంలో ఉక్కకు, చెమటకు తామర మాత్రలు ఎన్ని పోతాయో మీకు నా కన్నా బాగా తెలుసు.

ఈ పాఠం ప్రపంచం ఒకసారి నేర్చుకుంది. టెర్ఫెనడిన్ అనే అలర్జీ మాత్ర ఉండేది, మత్తు రాదని అందరూ మెచ్చుకున్నారు. ఒంట్లోకి పోగానే కాలేయం దాన్ని వేరే పదార్థంగా మార్చేసేది, ఆ మారిన పదార్థమే అలర్జీ తగ్గించేది. కీటోకొనజోల్‌తో కలిపి వేసుకున్నవాళ్లలో ఆ మార్పు ఆగిపోయి, మారని టెర్ఫెనడిన్ పేరుకుని లయ తప్పింది. 1998లో అమెరికాలో దాన్ని తీసేశారు. ఆ మారిన పదార్థమే ఇవాళ మీరు అమ్మే ఫెక్సోఫెనడిన్. గ్యాస్, ఎసిడిటీలకు వాడిన సిసాప్రైడ్‌ది కూడా ఇదే కథ, మన దేశంలో 2011లో నిషేధించారు.

ఇక ఆవిడ లెక్క: క్యూటీ పొడిగించే మందులు మూడు, డొంపెరిడోన్, అజిత్రోమైసిన్, ఆన్‌డాన్‌సెట్రాన్. వాటిలో ఒకదాన్ని పేరుకునేలా చేసే మందు ఒకటి. పొటాషియం తగ్గించేవి రెండు, నీళ్ల మాత్ర, విరేచనాలు. పైగా ఆడమనిషి, 60 దాటిన వయసు. ఆడవాళ్లలో క్యూటీ సహజంగానే కాస్త పొడుగు, మందుల వల్ల వచ్చే ఈ ప్రమాదం వాళ్లలోనే ఎక్కువ. కౌంటరు దగ్గర ఏం మార్చవచ్చు? డాక్టరుతో మాట్లాడి 'డీ' కాప్సూల్ ఆపించవచ్చు. వాంతికి ఒకే మందు చాలు. నీళ్ల విరేచనాలకు అజిత్రోమైసిన్ నిజంగా కావాలా అని అడగవచ్చు, చాలాసార్లు అక్కర్లేదు. వాంతులు తగ్గేదాకా నీళ్ల మాత్ర ఆపాలా అని అడగవచ్చు. ఓఆర్‌ఎస్ తప్పకుండా ఇవ్వాలి. ప్రమాణం ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో 20 మిల్లీమోల్ పొటాషియం ఉంటుంది. ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో చిటికెడు కాదు. తరవాణి, గంజి మంచివే, కాని ఓఆర్‌ఎస్‌కు బదులు కావు.

(సభలోంచి ఒక ఆశా దీదీ: "డాక్టర్ గారూ, మల్కనగిరి వైపు మేం క్లోరోక్విన్ పంచుతాం. అది కూడా గుండెకు చెడ్డదేనా? పంచడం మానేయాలా?")

మానకండి తల్లీ, ఈ మాట గట్టిగా చెబుతున్నా. మలేరియా చంపే రోగం. క్లోరోక్విన్ క్యూటీని కొంచెం పొడిగిస్తుంది, నిజం. అయినా వైవాక్స్ మలేరియాకు పెద్దవాళ్లకు ఇచ్చే 250 మిల్లీగ్రాముల మాత్రలు మొదటి రోజు 4, రెండో రోజు 4, మూడో రోజు 2, ఈ మూడు రోజుల కోర్సు గుండె బాగున్న మనిషికి సురక్షితం. మీరు చూడాల్సింది రెండు విషయాలు. ఇంతకు ముందు స్పృహ తప్పిన చరిత్ర ఉందా? రోజూ ఏదైనా మాత్ర, ముఖ్యంగా మానసిక వ్యాధికి, గుండెకు, టీబీకి వాడుతున్నారా? ఉంటే మాత్రలు చేతికిచ్చే ముందు పీహెచ్‌సీకి ఫోన్ చేయండి. పిల్లలకు అందకుండా ఎత్తులో పెట్టమని ప్రతి ఇంట్లో చెప్పండి. క్లోరోక్విన్ మాత్రలు కొన్ని మింగినా పసిపిల్లల ప్రాణం మీదికి వస్తుంది.

క్వినైన్ సంగతి వేరు. సింకోనా బెరడులోంచి వచ్చే క్వినైన్‌కు తోబుట్టువు క్వినిడిన్. ఒకప్పుడు గుండె లయ సరిచేయడానికి క్వినిడిన్ ఇచ్చేవాళ్లు, అది వేసుకున్నవాళ్లలో కొందరు హఠాత్తుగా స్పృహ తప్పేవారు. 1964లో అలా పడిపోయినప్పుడు తీసిన ఈసీజీలు చూస్తే గుండె కింది గదుల లయే చెదిరిందని తేలింది. తీవ్రమైన మలేరియాకు ఇప్పుడు ముందు వరుస మందు ఆర్టిసునేట్ ఇంజెక్షన్, అది క్యూటీని పెద్దగా కదపదు. ఎక్కడైనా తప్పక క్వినైన్ పెట్టాల్సి వస్తే సూదితో గబుక్కున నరంలోకి ఎక్కించకూడదు. డెక్స్‌ట్రోజ్ సీసాలో కలిపి 4 గంటలపాటు ఎక్కించాలి. అది చక్కెర కూడా పడగొడుతుంది, అందుకే డెక్స్‌ట్రోజ్. నర్సులు ఈ మాట రాసుకోండి.

టీబీకి బెడాక్విలిన్ వాడేవాళ్ల గురించి కూడా చెప్పాలి. మందులకు లొంగని టీబీకి అది గొప్ప మందు, ఎంతోమందిని బతికిస్తోంది. అది, మాక్సిఫ్లాక్సాసిన్, క్లోఫాజిమిన్, మూడూ క్యూటీ పొడిగించేవే. అందుకే కార్యక్రమంలో మొదలుపెట్టే ముందు, తరువాత గడువు ప్రకారం ఈసీజీ తీస్తారు. ఈ రోగులకు వాంతులు వస్తాయి, మీ దగ్గరికొచ్చి వాంతి మాత్ర అడుగుతారు. ఆ మాత్ర ఇచ్చే ముందు టీబీ కార్డు అడగండి. మందులకు లొంగని టీబీ అయితే మీరు మాత్ర ఇవ్వకుండా టీబీ కేంద్రానికి పంపండి.

ఈసీజీ తీసే చోట పనిచేసేవాళ్లకు లెక్క చెబుతాను. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు నడిస్తే చిన్న గడి 0.04 సెకను. రెండో లీడ్ గాని వీ5 గాని తీసుకోండి. క్యూ మొదలైన చోటు నుంచి టీ తరంగం దిగే గీతను గీసి అది నేల గీతను తాకే చోటు వరకు లెక్కపెట్టండి. టీ తరువాత చిన్న యూ తరంగం ఉంటే దాన్ని కలపకండి. ఉదాహరణకు క్యూటీ 9 గడులు, అంటే 0.36 సెకను. రెండు ఆర్ మొనల మధ్య 15 గడులు, అంటే 0.6 సెకను, నిమిషానికి 100 దెబ్బలు. గుండె వేగానికి తగ్గట్టు దీన్ని సరిచేయాలి. బాజెట్ పద్ధతిలో 0.36ను 0.6 వర్గమూలంతో, అంటే 0.775తో భాగిస్తే 465 మిల్లీసెకన్లు. ఫ్రెడెరిసియా పద్ధతిలో ఘనమూలంతో, అంటే 0.843తో భాగిస్తే 427. ఒకే కాగితం, రెండు జవాబులు! జ్వరంతో గుండె వేగంగా కొట్టుకునేటప్పుడు బాజెట్ ఎక్కువ చేసి చూపిస్తుంది, అప్పుడు ఫ్రెడెరిసియా నమ్మండి. మగవాళ్లలో 450, ఆడవాళ్లలో 460 దాటితే జాగ్రత్త. 500 దాటినా, మందుకు ముందున్నదాని కన్నా 60 పెరిగినా ఆ మందు ఆపి డాక్టరుకు వెంటనే చెప్పాలి. మిషన్ పైన ముద్రించే అంకె టీ తరంగం చదునుగా ఉంటే తప్పుతుంది, కాబట్టి కంటితో ఒకసారి చూడండి.

(సభలోంచి ఒక నర్సు: "డాక్టర్ గారూ, ఇది ఫిట్సులా ఉంటుందా? మావైపు ఫిట్సని తాళాల గుత్తి చేతిలో పెడతారు.")

బాగా అడిగారమ్మా. మెదడుకు రక్తం ఆగితే కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, కళ్లు తేలేస్తారు. చూసేవాళ్లకు అచ్చం ఫిట్సే. తేడాలు చెబుతాను. గుండె వల్ల అయితే ముందు హెచ్చరిక ఉండదు, మాట మధ్యలో ఒరిగిపోతారు, ముఖం పాలిపోతుంది, లేచిన వెంటనే చాలామంది మామూలుగా మాట్లాడతారు. మూర్ఛ అయితే లేచాక చాలాసేపు మగతగా, అయోమయంగా ఉంటారు. తాళాల గుత్తితో సమయం వృథా చేయకుండా వెంటనే మెడ పక్కన నాడి చూడండి. నాడి లేదు, ఊపిరి సరిగా లేదు అంటే 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా నొక్కడం మొదలుపెట్టండి. కొత్త మందు మొదలుపెట్టిన వారంలో వచ్చిన మొదటి 'ఫిట్సు'కు ఈసీజీ తీయకుండా ఇంటికి పంపకూడదు.

మనలో మేనరికాలు ఉన్నాయి కాబట్టి ఇంకో మాట. పుట్టుచెవుడు ఉండి ఏడ్చినప్పుడో, పరుగెత్తినప్పుడో స్పృహ తప్పే బిడ్డ ఉంటే పుట్టుకతోనే క్యూటీ పొడవుగా ఉండే జబ్బు కావచ్చు. నార్వేలో జెర్వెల్, లాంగ్-నీల్సెన్ 1957లో వర్ణించారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపం కలిస్తే వస్తుంది, దగ్గర సంబంధాల్లో ఆ కలయికకు అవకాశం పెరుగుతుంది. ఆ బిడ్డకు నేను చెప్పిన మందుల్లో ఏదీ గుండె డాక్టరును అడగకుండా ఇవ్వకూడదు. చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు ఇంట్లో ఉన్నారా అని కూడా అందుకే అడగండి.

లయ చెదిరి ఆసుపత్రికి చేరితే ఏం చేస్తారన్నది ఇక్కడున్న నర్సులు తెలుసుకోవాలి. మొదటి మందు మెగ్నీషియం సల్ఫేట్, 2 గ్రాములు. గుర్రపువాతానికి కాన్పు గదిలో పెట్టే అదే ఆంప్యూల్. 50 శాతం ఆంప్యూల్ 2 మిల్లీలీటర్లలో 1 గ్రాము, కాబట్టి రెండు ఆంప్యూళ్లు పలుచన చేసి, నాడి ఉంటే 10 నుంచి 15 నిమిషాల్లో ఎక్కిస్తారు. రక్తంలో మెగ్నీషియం మామూలుగా ఉన్నా ఇది పనిచేస్తుంది. నాడి లేకపోతే ముందు షాక్. అదే సమయంలో కారణమైన మందులన్నీ ఆపాలి, పొటాషియం 4.5 నుంచి 5 మధ్యకు తేవాలి. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్‌ను ఎప్పుడూ సూదితో నేరుగా నరంలోకి ఎక్కించకండి, గుండె ఆగిపోతుంది. చేతి నరం ద్వారా సీసాలో పలుచన చేసి గంటకు 10 మిల్లీఈక్వివలెంట్లకు మించకుండా ఎక్కించాలి. ఇంకో తప్పు జరుగుతుంది: లయ తప్పింది కదా అని అలవాటుగా అమియోడరోన్ పెడతారు. అది కూడా క్యూటీని పొడిగించే మందే. మెలితిరిగే మొనలు కనబడితే అది పెట్టకూడదు. గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంటే, ఒక్కో దెబ్బకూ మధ్య ఎడం పెరిగి ఈ లయ చెదరడం మళ్లీ వస్తుంది. అందుకే తాత్కాలిక పేస్‌మేకర్‌తో 90, 100 దాకా వేగం పెంచుతారు.

ఉద్దానం వైపు నుంచి వచ్చినవాళ్లకు ఒక హెచ్చరిక, ఎందుకంటే కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు మీ దగ్గర ఎక్కువ. వాళ్లలో ప్రమాదం రెండువైపులా ఉంటుంది. యాంటీబయాటిక్ లెవోఫ్లాక్సాసిన్, గుండె మందు డిగాక్సిన్ వంటివి కిడ్నీ ద్వారానే పోతాయి, మోతాదు తగ్గించకపోతే పేరుకుంటాయి. డిగాక్సిన్ వాడే మనిషికి వాంతి, తిండి సహించకపోవడం, చూపులో పసుపుదనం వస్తే అది విషం ఎక్కుతున్న గుర్తు, దానికి వాంతి మాత్ర ఇచ్చి పంపకండి. రెండో వైపు పొటాషియం పెరగడం. స్పైరనోలాక్టోన్, టెల్మిసార్టన్, సల్ఫా-ట్రైమెథోప్రిమ్, ఈ మూడూ ఒకే మనిషికి పడితే పొటాషియం పెరిగి గుండె నెమ్మదిగా ఆగిపోయే దిశగా పోతుంది. ఇందాక ఆవిడకు పొటాషియం కావాలన్నాం, వీళ్లకు అదే విషం. ఎండాకాలం నీరసానికి కొబ్బరి బోండాలు తాగమని కిడ్నీ రోగికి చెప్పకండి, పావు లీటరు కొబ్బరి నీళ్లలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఉద్దానంలో కొబ్బరి నీళ్లు వద్దని చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి.

(సభలోంచి ఒకరు: "మందు ఆపేశాక ఎన్నాళ్లకు వేరే మందు ఇవ్వొచ్చు?")

మందును బట్టి. ఒంట్లోంచి సగం పోయే కాలానికి అయిదు రెట్లు లెక్కవేయండి. ఆన్‌డాన్‌సెట్రాన్ సగం 3 నుంచి 6 గంటల్లో పోతుంది, కాబట్టి ఒక రోజు, ఒకటిన్నర రోజు. డొంపెరిడోన్ 7 నుంచి 9 గంటలు, రెండు రోజులు. అజిత్రోమైసిన్ 68 గంటలు, అంటే మూడు రోజుల కోర్సు ముగిసినా రెండు వారాలపాటు ఒంట్లో ఉన్నట్టే లెక్క. క్లోరోక్విన్, అమియోడరోన్, బెడాక్విలిన్ నెలల తరబడి ఉంటాయి. అందుకే 'ఇప్పుడు ఏం వాడుతున్నారు' అని అడిగితే చాలదు, 'గత కొన్ని నెలల్లో ఏం వాడారు' అని అడగండి. ఖాళీ స్ట్రిప్పులు పారేయకుండా ఒక డబ్బాలో వేసి, తరువాతిసారి ఆ డబ్బాతో రమ్మని చెప్పండి. ఒడియాలో చీటీ చదవలేనివాళ్లకైనా స్ట్రిప్ వెనక మందు పేరు ఉంటుంది, దాన్ని మీరు చదవగలరు.